చేతిసంచిలో పెప్పర్ స్ప్రే: కొనదగినదేనా, వెంట మోయదగినదేనా?

ఇంటి నుంచి బయటికి వెళ్లేటప్పుడు ఆత్మరక్షణ కోసం ఏదైనా వెంట ఉంచుకోవాలా, ఉంచుకుంటే ఏది ఉంచుకోవాలి అన్న ప్రశ్న మా ఇంట్లో చాలాకాలం నలిగి, చివరికి రెండు పెప్పర్ స్ప్రే డబ్బాల దగ్గర తేలింది. ఒకటి నెల్లూరు ట్రంకు రోడ్డు వైపు ఒక దుకాణంలో దొరికింది. రెండోది ఆన్‌లైన్‌లో తెప్పించాము. ఒక్కొక్కటి మూడు వందల నుంచి ఐదు వందల రూపాయల మధ్య పడింది. రెండూ మన దేశంలో తయారైనవే, కొనడానికి లైసెన్సు గాని గుర్తింపు పత్రం గాని ఎవరూ అడగలేదు. కంపెనీల పేర్లు ఇక్కడ రాయడం లేదు. పనితీరులో నాకు కనబడిన తేడా కంపెనీని బట్టి కాక, డబ్బాలోని ద్రవం బయటికి వచ్చే తీరును బట్టి ఉంది కాబట్టి, కొనేవారు చూసుకోవలసినది కూడా ఆ తీరునే.

ఈ చర్చకు ఇంట్లో ఇద్దరం కారణం. మా అమ్మాయి పొగతోటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. డ్యూటీ ముగిసే వేళ ఒక్కోసారి బాగా పొద్దుపోతుంది, అప్పుడు స్కూటీ మీద ఒంటరిగా రైలు కట్టకు అవతల ఉన్న ఇంటికి చేరుకోవాలి. నేను ఇందుకూరుపేట, విడవలూరు మండలాల్లో రొయ్యల గుంటలకు మేత, మందులు సరఫరా చేస్తుంటాను. పట్టుబడి, అంటే గుంటలోని రొయ్యలు పట్టడం, జరిగినప్పుడే రైతు చేతికి డబ్బు వస్తుంది, మా బాకీ కూడా అప్పుడే తీరుతుంది. అందువల్ల వసూలు సొమ్ముతో చీకటి పడ్డాక గట్ల మీద నుంచి రావలసిన సందర్భాలు తప్పవు. నా భయం డబ్బును గురించి, ఆమె భయం మనిషిని గురించి. ఈ రెండూ వేరువేరు అవసరాలు కాబట్టి తీర్పు కూడా రెండుగానే చెబుతాను.

ఏ వస్తువునైనా పరిశీలించేటప్పుడు నేను పెట్టుకున్న మొదటి పరీక్ష ఇది: పెనుగులాటలో అది ఎదుటివాడి చేతికి చిక్కితే మన గతి ఏమిటి? అమ్మేవారు, ప్రకటనలు అది దుండగుణ్ణి ఏం చేస్తుందో చెబుతారు గాని, చిక్కినప్పటి సంగతి ఎవరూ చెప్పరు. ముగ్గురు కలిసి వచ్చినా, ఒక్కడే వెనక నుంచి వచ్చి మణికట్టు పట్టుకున్నా, ఏ సాధనా లేని మనబోటివాళ్ల చేతిలోని వస్తువు చేతులు మారడానికి ఎక్కువసేపు పట్టదు. అలా మారినా మన ప్రాణం తీయలేని వస్తువు ఏదో, దానినే మనం మోయాలని నా అభిప్రాయం. కింద రాసిన ప్రతి వస్తువునూ ఈ కొలతతోనే చూశాను.

తుపాకి ఈ పరీక్షలో మొదటే తప్పింది. అయినా దాని గురించి కొంత వివరంగా రాయాలి. ఇటు రొయ్యల వ్యాపారంలో గాని, అటు చీమకుర్తి గ్రానైటు వ్యాపారంలో గాని నాలుగు డబ్బులు వెనకేసుకున్నవారి నోట "లైసెన్సు తీసుకుంటే పోలా" అన్న మాట తరచుగా వినబడుతూ ఉంటుంది. 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి ఆయుధాల నిబంధనల ప్రకారం 21 ఏళ్లు నిండినవారు జిల్లా కలెక్టరుకు దరఖాస్తు చేసుకోవాలి. పోలీసుల విచారణ నివేదిక, ఆరోగ్య ధ్రువపత్రం, ఆయుధాన్ని భద్రంగా వాడటంలో శిక్షణ పొందినట్లు పత్రం ఉండాలి. ఇవన్నీ ఉన్నా లైసెన్సు వస్తుందన్న హామీ లేదు. ప్రాణానికి నిజమైన ముప్పు ఉందని అధికారులకు నమ్మకం కలగాలి. చేతిలో డబ్బు ఆడుతుంది అన్న ఒక్క కారణం అందుకు చాలదు. 9 ఎంఎం వంటి నిషిద్ధ బోరు (తుపాకి గొట్టం లోపలి కొలత) పిస్తోళ్లు మామూలు పౌరులకు దొరకవు, .32 బోరు వంటివే దొరుకుతాయి. 2019 సవరణతో ఒక్కొక్కరికి మూడు తుపాకులన్న పరిమితి రెండుకు తగ్గింది, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది, పెళ్లి ఊరేగింపుల్లో సంబరానికని నిర్లక్ష్యంగా గాలిలోకి కాల్చిన వారికి రెండేళ్ల దాకా జైలు గాని, లక్ష రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని పడే నిబంధన వచ్చింది. ఇక ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు తుపాకిని చాలావరకు పోలీసు స్టేషనులో అప్పగించి రావలసి వస్తుంది. సర్పంచి ఎన్నికల నుంచి పార్లమెంటు దాకా మన రాష్ట్రంలో ఎన్నికలకు ఎప్పుడూ కొదవ లేదు.

స్త్రీల కోసమని చెప్పి 2014 జనవరిలో కాన్పూరులోని ప్రభుత్వ ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ 'నిర్భీక్' అనే .32 బోరు రివాల్వరును విడుదల చేసింది. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఘోరం దేశమంతటినీ కదిలించిన తరవాత వచ్చిన ఆయుధం అది. బరువు దాదాపు అర కిలో, అప్పటి ధర సుమారు 1,22,000 రూపాయలు. ప్రైవేటు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సులు ఎన్ని నెలలు తిండి మానుకుంటే అంత సొమ్ము పోగవుతుందో ఆ ధర నిర్ణయించినవారు లెక్క వేసినట్లు లేదు. ధర మాట అటుంచినా, సంచి అడుగున ఉన్న రివాల్వరును తీసి, గురి చూసి, చీకట్లో, వణికే చేత్తో కాల్చడానికి ఏళ్ల తరబడి సాధన కావాలి. సాధన చేయడానికి తగిన చోటు మన చిన్న పట్టణాల్లో ఎంతమందికి అందుబాటులో ఉంది?

మా వీధిలో ఉండే ఒక విశ్రాంత హెడ్ కానిస్టేబులు దగ్గర ఈ ప్రస్తావన తెచ్చినప్పుడు ఆయన చట్టం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. "మీ ఇంట్లో బీరువా తాళం ఎవురి కాడ ఉంటది అబ్బయ్యా?" అని మాత్రం అడిగాడు. "తలుపెనక మేకుకే ఉంటది అన్నా" అన్నాను. ఆయన నవ్వి, కాఫీ తాగి వెళ్లిపోయాడు. తుపాకి విషయం మా ఇంట్లో అక్కడితో ముగిసింది.

కత్తి గురించి ఎక్కువ రాయవలసిన పని లేదు. గృహావసరాలకు, వ్యవసాయానికి ఉద్దేశించినవి తప్ప, తొమ్మిది అంగుళాలకు మించిన పొడవు గాని రెండు అంగుళాలకు మించిన వెడల్పు గాని ఉన్న అలుగు గల కత్తులు ఆయుధాల నిబంధనల జాబితాలోకి వస్తాయి. అంతకన్నా చిన్న మడత కత్తులు ఆన్‌లైన్‌లో విచ్చలవిడిగా అమ్ముతున్నారు. కాని కత్తి పనిచేయాలంటే ఎదుటివాడు మన ఒంటికి ఆనుకుని ఉండాలి. అంత దగ్గరలో అది ఎవరి చేతిలో తేలుతుందో ఎవరూ చెప్పలేరు. పైగా ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరచడం భారతీయ న్యాయ సంహిత 118వ సెక్షను కిందికి వస్తుంది. గాయం తీవ్రమైనదైతే శిక్ష యావజ్జీవం దాకా పోవచ్చు. విద్యుత్ షాకిచ్చే టార్చిలైట్ల వంటి పరికరాలదీ ఇదే లోపం. చట్టం సంగతి పక్కన పెట్టినా, తాకితే గాని అవి పనిచేయవు.

మా ఆవిడ సూచించిన కారం పొట్లం మాత్రం కొట్టిపారేయదగినది కాదు. ఇంట్లోనే ఉంటుంది, ఖర్చు లేదు, ఎవరూ ఆక్షేపించరు. అయితే పొడి గాలికి ఎటు పోతుందో చెప్పలేము, విసిరిన చేతికే సగం అంటుకుంటుంది, వర్షాకాలంలో చెమ్మ పట్టి గడ్డ కడుతుంది. తీరప్రాంతంలో చెమ్మ గురించి నేను వేరే చెప్పనక్కరలేదు.

కర్ర సంగతి వేరు. ఆయుధాల చట్టం ఆయుధాన్ని నిర్వచించే చోటనే, కేవలం గృహ, వ్యవసాయ అవసరాలకు తయారైన లాఠీ, మామూలు చేతికర్ర వంటివి ఆయుధాలు కావని విడిగా పేర్కొంది. గుంటల మీద కాపలా ఉండేవారి చేతిలో తరతరాలుగా ఉన్న వస్తువులు రెండే: వెదురు కర్ర, టార్చిలైటు. రాత్రివేళ గట్టు మీద నడిచేవాడికి దొంగ కన్నా ముందు ఎదురయ్యేవి పాము, కుక్క. ఆ రెండింటికీ కర్రను మించినది లేదు. మంచి వెలుగున్న టార్చి కళ్ల మీద పడితే ఎదుటివాడికి ఒక క్షణం ఏమీ కనబడదు, మనకు మాత్రం వాడి చేతిలో ఏముందో కనబడుతుంది. గుంటల దగ్గర నా మటుకు నాకు ఈ రెండే చాలు. అయితే స్కూటీ మీద వెళ్లే ఆడపిల్లను వెదురు కర్ర వెంట తీసుకెళ్లమనడం జరిగే పని కాదు. అందుకే పెప్పర్ స్ప్రే దాకా వచ్చాము.

ఇందులో ఉండేది మిరప నుంచి తీసిన ఘాటైన తైలసారం, దాన్ని పలచన చేసే ద్రావకం, బయటికి తోసే వాయువు. మిరపలోని క్యాప్సైసిన్ అనే పదార్థం మన శరీరంలో వేడిని గుర్తించే నాడుల కొసలను రెచ్చగొడుతుంది, కాబట్టి నిజంగా నిప్పు తగిలినట్లే మెదడుకు అనిపిస్తుంది. ఆ కొసల్లో వేడిని పసిగట్టే గ్రాహకాన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ముఖం మీద పడితే కళ్లు వాటంతటవే మూసుకుపోతాయి, దగ్గు ఆగదు, చర్మం మండుతుంది. ప్రభావం సుమారు అరగంట నుంచి ముప్పావు గంట వరకు ఉంటుంది. తరవాత క్రమంగా తగ్గిపోతుంది, సాధారణంగా శాశ్వత హాని ఉండదు. నా మొదటి పరీక్షలో ఇది నెగ్గింది ఇక్కడే: డబ్బా లాక్కుని మన మీదే కొట్టినా ఏడుస్తాము, దగ్గుతాము, కాని బతికి బయటపడతాము.

డబ్బాల మీద ఘాటును 'ఇన్ని లక్షల స్కోవిల్ యూనిట్లు' అని పెద్ద అక్షరాలతో వేస్తారు. మన వైపు బాగా తెలిసిన తేజ మిర్చి ఘాటు లక్ష యూనిట్ల దరిదాపుల్లో ఉంటుంది, శుద్ధమైన క్యాప్సైసిన్‌ది 1.6 కోట్లు. డబ్బా మీది అంకె చాలాసార్లు పలచన చేయక ముందరి సారానిది. అది ఎంత ఎక్కువైనా, డబ్బాలోని ద్రవంలో ఆ సారం ఎంత కలిసిందన్నదే ముఖ్యం. కాబట్టి చూడవలసినది క్యాప్సైసినాయిడ్ల, అంటే క్యాప్సైసిన్, దాని వంటి ఘాటు పదార్థాల, శాతం. మేము దుకాణాల్లో తిప్పి చూసిన డబ్బాల్లో చాలావాటి మీద ఆ శాతం అచ్చువేసి లేదు. తయారీ తేదీ, గడువు తేదీ మాత్రం ఉన్నాయి. కొన్నింటి మీద అవి కూడా చెరిగిపోయి ఉన్నాయి. అటువంటివి సగం ధరకు ఇచ్చినా తీసుకోవద్దు. లోపలి వాయువు కాలక్రమాన కారిపోతుంది, ద్రవం నిండుగా ఉన్నా నొక్కితే బయటికి రాదు.

కోత అయిపోయి బీడుగా ఉన్న ఒక పొలంలో, కంచెకు పాత దుప్పటి కట్టి, సముద్రపు గాలి తోలే సాయంత్రం వేళ రెండింటినీ వాడి చూశాము. దుకాణంలో కొన్నది పొగమంచులా విచ్చుకునే రకం. గాలి మన వెనక నుంచి వీస్తున్నప్పుడు దుప్పటి మీద మనిషి ముఖమంత వెడల్పున మరక పడింది, గురి పెద్దగా చూడనవసరం లేకపోయింది. గాలి పక్క నుంచి వీచినప్పుడు సగం పక్క పొలానికి పోయింది. ఎదురుగాలిలో కొట్టినప్పుడు దుప్పటికి చేరింది కొంచెమే, మిగిలినదంతా మా ముక్కులకే చేరింది. దూరంగా నిలబడి చూస్తున్న మా బావమరిది కూడా కండువా ముఖానికి చుట్టుకోవలసి వచ్చింది. ఆన్‌లైన్‌లో తెప్పించినది సన్నటి ధారగా పోయే రకం. పక్కగాలికి ధార కొంచెం వంగింది గాని చెదరలేదు, ఎదురుగాలిలోనూ చాలావరకు ముందుకే వెళ్లింది. డబ్బా మీద పదీ పన్నెండు అడుగులని రాసి ఉన్నా, నమ్మదగిన దూరం ఆరేడు అడుగులే అని మాకు తేలింది. ధార రకానికి గురి కావాలి, కళ్ల మీద పడకపోతే ప్రయోజనం తక్కువ. అయినా సముద్రం పక్కనున్న మన జిల్లాల్లో సాయంత్రం గాలి లేని రోజులు ఎన్ని ఉంటాయి గనుక? ధార రకమే కొనమంటాను.

ద్రవం ఎలా వస్తుందన్నదాని కన్నా, డబ్బా చేతికి ఎంత త్వరగా వస్తుందన్నది మరింత ముఖ్యమని మా అమ్మాయి తేల్చింది. "నాన్నా, ఇది సంచిలో యాడో అడుగున ఉంటే ఏం లాభం? టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, చార్జరు అన్నీ బయటికి తీసేలోపల వాడు వచ్చిన పని చూసుకుని పోతాడు" అన్నది. అమ్మేవారు ఇందుకు విరుగుడుగా తాళంచెవి గుత్తికి తగిలించుకునే చిన్న డబ్బాలను చూపిస్తారు. నడిచి వెళ్లేవారికి అవి బాగుండవచ్చు. స్కూటీ మీద వెళ్లేవారికి తాళంచెవి ఉండేది బండిలో. ఇంజను ఆపి తాళం ఊడదీస్తే గాని డబ్బా చేతికి రాదు, ఆ క్షణంలో ఇంజను ఆపడం కన్నా ఆక్సిలరేటరు తిప్పి ముందుకు ఉరకడమే మేలైన రక్షణ. చివరికి సంచి పట్టీకి బయటి వైపున, కుడి చేయి చూడకుండానే అందుకునే చోట, చిన్న తొడుగు కుట్టించుకుని అందులో పెట్టుకుంది. మూత మీది భద్రతా మీటను బొటనవేలితో తిప్పడం ఖాళీ అయిన డబ్బాతో ఇంట్లోనే అలవాటు చేసుకుంది. కొన్న ప్రతివారూ ఈ పని చేయాలి. లోపల ద్రవం ఉన్న డబ్బాతో ఇంట్లో మాత్రం వద్దు.

ఇంట్లో వద్దని ఎందుకు అంటున్నానో మన తెలుగువాళ్లకు ఎక్కువ వివరించనక్కరలేదు. 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు వచ్చినప్పుడు అప్పటి విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ పెప్పర్ స్ప్రే కొట్టడం, సభ్యులు దగ్గుతూ కళ్లు నులుముకుంటూ బయటికి పరుగెత్తడం, కొందరిని ఆసుపత్రికి తీసుకెళ్లడం దేశమంతా టీవీల్లో చూసింది. అంత విశాలమైన సభా మందిరంలోనే అంత జరిగినప్పుడు, లిఫ్టులో, ఆటోలో, బస్సులో కొడితే కొట్టినవారూ తప్పించుకోలేరు. మా ఊళ్లో ఈ చిక్కు ఇంకొకటుంది. రైలు కట్ట కింది అండర్‌బ్రిడ్జీలు చాలామందికి రోజూ దాటక తప్పని దారి. ఆ ఇరుకు సొరంగంలో గాలి గొట్టంలో ఊదినట్లు ఒకే దిక్కుకు వీస్తుంది, అది మన వైపుకా అవతలి వైపుకా అన్నది లోపలికి వెళ్తే గాని తెలియదు. అక్కడ ఏదైనా జరిగితే స్ప్రేకు చేయి చాపకుండా హారను మోగిస్తూ బయటికి రావడమే పని అని అమ్మాయితో అనుకున్నాము.

స్ప్రే పనిచేయని మరికొన్ని సందర్భాలు కూడా చెప్పాలి. హెల్మెట్టు అద్దం దించుకుని వచ్చేవాడి మీద దాని ప్రభావం అంతంతమాత్రమే. బైకు మీద వచ్చి మెడలో గొలుసు తెంపుకుపోయేవాడు మన చేయి కదిలేలోపే సందు మలుపు తిరుగుతాడు. బాగా తాగినవాడు, మత్తులో ఉన్నవాడు నొప్పిని లెక్కచేయకుండా మీదికి రావచ్చు. మనిషి నేలకు ఒరిగిపోతాడని సినిమాల్లోలాగా ఊహించుకోకూడదు. మనం దూరంగా పరుగెత్తడానికి, నలుగురినీ పిలవడానికి కొంత వ్యవధి ఇస్తుంది, అంతే. కొట్టి అక్కడే నిలబడి చూస్తే డబ్బా కొన్న డబ్బు దండగ.

చట్టం విషయంలో కొనేవారు తప్పక తెలుసుకోవలసిన సంగతులు ఉన్నాయి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కుకు సంబంధించినవి. పాత శిక్షాస్మృతిలో ఇవే 96 నుంచి 106 వరకు ఉండేవి. ప్రాణభయం, తీవ్రగాయం, అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి వంటివి ఎదురైనప్పుడు ఈ హక్కు ఎదుటివాడి ప్రాణం తీసేంత వరకు కూడా విస్తరిస్తుందని 38వ సెక్షను చెబుతుంది. అయితే 37వ సెక్షను దీనికి పెట్టిన హద్దుల్లో ముఖ్యమైనవి రెండు: ప్రభుత్వ రక్షణ కోరడానికి వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కు లేదు, అవసరమైన దానికన్నా ఎక్కువ హాని చేసే హక్కు ఎప్పుడూ లేదు. 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ప్రాణం మీదికి వచ్చినవాడి దగ్గర త్రాసు పట్టుకుని కొలిచినట్లు కొలిచి బదులివ్వాలని ఆశించరాదని వివరిస్తూనే, ఈ హక్కు ప్రతీకారానికి పనికిరాదని కూడా స్పష్టం చేసింది.

స్ప్రే మీద నేరుగా వచ్చిన మాట కర్ణాటక హైకోర్టుది. 2024లో ఆ కోర్టు, ఒక గొడవలో పెప్పర్ స్ప్రే వాడినవారి మీది కేసును కొట్టివేయడానికి నిరాకరించింది. మాది ఆత్మరక్షణ అని వారు వాదించారు గాని, ప్రాణానికి అప్పటికప్పుడు వచ్చిన ముప్పేమీ కనబడటం లేదని, పెప్పర్ స్ప్రేను ప్రమాదకరమైన ఆయుధంగానే చూడవలసి ఉంటుందని కోర్టు భావించింది. మన రాష్ట్రంలోని కోర్టులు దానికి కట్టుబడవలసిన అవసరం లేకపోయినా, ఆ ఆలోచన ఇక్కడా వినబడవచ్చు. కాబట్టి లైసెన్సు లేకుండా దొరికింది కదా అని పార్కింగ్ దగ్గర మాటామాటా పెరిగినప్పుడు, అద్దె ఇంటి తగాదాలో, బస్సులో సీటు కోసం దీన్ని బయటికి తీయకూడదు. వాడవలసి వస్తే, భద్రమైన చోటికి చేరిన వెంటనే 112కు ఫోను చేసి ఏం జరిగిందో ముందు మనమే చెప్పాలి. అవతలివాడు ముందుగా స్టేషనుకు వెళ్లి కళ్లు ఎర్రగా చూపిస్తే, కథ వాడి వైపు నుంచి మొదలవుతుంది.

విమాన ప్రయాణానికి దీన్ని తీసుకెళ్లకూడదు, చేతిసంచిలోనే కాక చెకిన్ సామానులో కూడా పనికిరాదు. రేణిగుంటకో చెన్నైకో బయలుదేరేటప్పుడు సంచి పట్టీ ఒకసారి తడిమి చూసుకోవడం మంచిది.

నిల్వ విషయంలో మన జిల్లాల వారికి ఒక హెచ్చరిక అవసరం. డబ్బాను 50 డిగ్రీలకు మించిన వేడిలో ఉంచరాదని దాని మీదే రాసి ఉంటుంది. మే నెలలో నెల్లూరులో గాని ఒంగోలులో గాని ఎండలో ఆపిన కారు లోపల, స్కూటీ సీటు కింది డిక్కీలో ఆ వేడి రావడానికి ఎక్కువసేపు అక్కరలేదు. డబ్బా పగిలితే ఆ బండి కొన్నాళ్ల దాకా ఎక్కడానికి పనికిరాదు. అందువల్ల డిక్కీలో వదిలి వెళ్లే అలవాటు వద్దు, ఆసుపత్రిలో లాకరులో పెట్టుకోవాలి. ముఖం మీద పడితే ఏం చేయాలన్నది కూడా ముందే తెలిసి ఉండాలి. నులమకూడదు. గాలి తగిలే చోట నిలబడి, కళ్లు ఆర్పుతూ, చల్లటి నీళ్లు ధారాళంగా పోసుకోవాలి. క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు కాబట్టి చర్మం మీద అంటినదాన్ని చంటిపిల్లల షాంపూతో కడగాలి. వేడినీళ్లు మంటను పెంచుతాయి. కళ్లకు కాంటాక్ట్ లెన్సులు ఉంటే చేతులు శుభ్రంగా కడుక్కున్నాకే తీసేయాలి.

ఫోనులో పెట్టుకునే రక్షణ యాప్‌ను కూడా ఈ డబ్బాతో కలిపే చూడాలి. 2020 ఫిబ్రవరిలో వచ్చిన దిశ యాప్ మన ఇళ్లలో చాలామందికి తెలిసినదే. ఇప్పుడున్న శక్తి యాప్‌ను 2025 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, మార్కాపురంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రారంభించారు. ఆపద మీట నొక్కితే మనమున్న చోటు పోలీసులకు తెలుస్తుంది. పట్టణంలో ఇది స్ప్రేకు సరైన జోడీ: ఒకటి మనిషిని కాసేపు నిలువరిస్తుంది, ఆ కాసేపట్లో రెండోది సాయాన్ని పిలుస్తుంది. గుంటల వైపు సిగ్నలు సరిగా ఉండదు కాబట్టి నాకు దాని ప్రయోజనం తక్కువ.

ఇక తీర్పు. మా అమ్మాయి వంటివారికి, అంటే పట్టణంలో వేళకాని వేళ ఒంటరిగా ప్రయాణం చేయవలసినవారికి, ధారగా పోయే రకం పెప్పర్ స్ప్రే కొనదగినదే, రోజూ మోయదగినదే. మూడు నుంచి ఐదు వందల రూపాయలకు ఇంతకన్నా మెరుగైనది నాకు కనబడలేదు. ఆరుబయట, ఒకరిద్దరు ఎదురైనప్పుడు, ఆరేడు అడుగుల దూరంలో అది తన పని చేస్తుంది. పొగమంచు రకానికి అందులో సగం మార్కులే ఇస్తాను. తాళంచెవి గుత్తి రకాన్ని స్కూటీ నడిపేవారు కొనవద్దు.

నా వంటివారికి, అంటే డబ్బు సంచితో చీకట్లో తిరిగేవారికి, స్ప్రే దండగ. నన్ను కాచి ఉండేవాడు ఒక్కడుగా రాడు, ఎదురుగా రాడు, నా దగ్గర ఎంత ఉందో తెలిసే వస్తాడు. సంచి ఇచ్చేయడమే అప్పుడు ప్రాణానికి క్షేమం. అందుకే నా డబ్బాను మా ఆవిడకు ఇచ్చేసి, రైతులతో మాట్లాడి, వసూళ్లు ఫోను ద్వారా బ్యాంకు ఖాతాలోకి వేయించుకునే ఏర్పాటు చేసుకున్నాను. చేతిసొమ్ము తప్పదన్నవారి దగ్గరికి పగటిపూట, మనిషిని తోడు తీసుకుని వెళ్తున్నాను. ఒకరిద్దరు పెద్ద రైతులు "ఏంది, మమ్మల్ని నమ్మవా?" అని నిష్ఠూరమాడారు గాని, తరవాత వాళ్లూ ఖాతాకే అలవాటు పడ్డారు.

ఇంట్లో ఉబ్బసం ఉన్నవారు, చేతికందినదల్లా నొక్కి చూసే పసిపిల్లలు ఉంటే డబ్బాను ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకున్నాకే కొనాలి. ఉబ్బసం ఉన్నవారికి దీని ఆవిరి కూడా ప్రమాదకరం. గడువు తేదీని డబ్బా మీద చెరగని ఇంకుతో పెద్దగా రాసుకుని, ఆ నెల రాకముందే కొత్తది తెచ్చుకోవాలి. పాతదాన్ని అలాగే చెత్తబుట్టలో పడేయకుండా, ఊరి బయట జనం లేని చోట గాలివాటు చూసుకుని పూర్తిగా ఖాళీ చేసి, ఆ తరవాతే పారవేయాలి. లేకపోతే అది చెత్త బండిలో నలిగి, ఏ పాపమూ ఎరుగని పారిశుద్ధ్య కార్మికుల ముఖాన చిమ్ముతుంది.